సెట్ కుదిరేది అంగట్లోనే

పూసల సెట్ ఇంట్లో చేసుకుందామనుకునేవాళ్లు ముందుగా భయపడేది గుచ్చడానికి. అదేమంత పని కాదు, రెండు దండలు గుచ్చేసరికి చెయ్యి దానంతటదే తిరుగుతుంది. సెట్ పాడయ్యేది అంతకన్నా ముందు, లైన్లు, అంటే దారానికి గుచ్చి అమ్మే పూసల వరసలు, ఏరుకునే చోట. దండకని ఇవాళ ఒక లైన్, కమ్మలకూ బ్రాస్‌లెట్‌కూ అని వచ్చే నెల ఇంకో లైన్ తెచ్చుకుంటే, మూడూ వేసుకుని ఫోటో దిగిన రోజు తేడా బయటపడుతుంది. రాయి పేరు అదే, సైజు అదే, షాపు కూడా అదే కావచ్చు. అయినా ఒకటి వంకాయరంగుకు లాగుతుంది, ఇంకొకటి ఇటుకరంగుకు. సరుకు వచ్చిన గని మారుతుంది, సానబట్టిన చోటు మారుతుంది, రంగు పట్టించిన రాళ్లయితే ఆ రంగు కలిపిన తొట్టి కూడా మారుతుంది. అందుకే మూడు నగలకూ కావలసిన పూసలన్నీ ఒకే రోజు, ఒకే కట్టలోంచి తియ్యాలి. అలా తియ్యాలంటే ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే లెక్క చేతిలో ఉండాలి.

రెండో మాట కూడా ముందే చెప్పేస్తాను. మెడకూ చెవికీ చేతికీ ఒకే పూసను ఒకే వరసలో ఎక్కిస్తేనే సెట్ అంటారంటే నేను ఒప్పుకోను. మన వైపు పుస్తెలతాడులో గుండ్లు, పగడాలు, నల్లపూసలు కలిసే ఉంటాయి. అది కుదరలేదని ఎవరైనా అన్నారా? బంగారం వన్నె, మళ్లీ మళ్లీ వచ్చే వరస కలిసి దాన్ని పట్టి ఉంచుతాయి. మెడ మీద నగకు పెద్దగా దెబ్బ తగలదు. చేతి నగ రోజంతా బల్లకు, గిన్నెకు, సబ్బుకు తగులుతూనే ఉంటుంది. చెవి బరువు మొయ్యలేదు. మూడు చోట్లా ఒకే సరుకు పెట్టాలన్న పట్టుదలతోనే ఏడాది తిరిగేసరికి సెట్‌లో ఒకటి వాడకం తప్పుతుంది, మిగతా రెండూ డబ్బాలో పడి ఉంటాయి.

లెక్క ఎలా వెయ్యాలో ఒక సెట్ పెట్టుకుని చూద్దాం. గద్వాల చీర ఉంది, మెరూన్ అంచు, జరీ. రాయి రంగును చీర ఒంటికి కలపడం కన్నా అంచుకు కలపడమే మేలని నా అభిప్రాయం. సాధారణంగా జాకెట్టు అంచురంగుదే కుట్టిస్తాం కనుక అన్నీ ఒక వరసలోకి వస్తాయి. 18 అంగుళాల దండ జాకెట్టుకు పైనే, మెడ కింద ఒంటి మీద ఆనుతుంది కాబట్టి రంగులో రంగు కలిసి మాయమైపోదు. నారాయణపేట చీరకైనా ఇదే లెక్క. మెరూన్‌కు ముదురు ఎరుపు గార్నెట్ రాయి, జరీకి నక్షీ గుండ్లు (చెక్కుడు పని ఉన్న బంగారు వన్నె పూసలు), మధ్యలో తేలికగా కనిపించడానికి ముత్యాలు.

గార్నెట్ మనకు పరాయి రాయేమీ కాదు. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట గార్నెట్‌లకు పాతకాలం నుంచే పేరు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో పూసలు చేసిన పాత పనివాళ్లు వాడిన గార్నెట్‌లు ఈ గుట్టవాటితో సరిపోతున్నాయని, వాటి లోపలి సన్నని సూదుల్లాంటి ఖనిజాలను చూసి పరిశోధకులు తేల్చారు. ఈ సంగతి అంగట్లోనూ అక్కరకొస్తుంది. భూతద్దంలో పెట్టి చూసినప్పుడు సూదులు, పొరలు, చిన్న మచ్చలు కనిపిస్తే అవి రాయి లక్షణాలే. గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే గాజు.

దండకు వరస ఇది: మూడు గార్నెట్‌లు, ఒక స్పేసర్ (పూసల మధ్య ఎడం కోసం వేసే సన్నని రింగు), ఒక ముత్యం, మళ్లీ స్పేసర్. గార్నెట్ 6 మి.మీ., ముత్యం 5, స్పేసర్ మందం 2. అంటే ఒక వరస 18, 2, 5, 2 కలిపి 27 మి.మీ. ఇలాంటివి 15 వేసి, చివర మూడు గార్నెట్‌లతో ముగిస్తే 423 మి.మీ. వస్తుంది. హుక్కు, రింగులు, కొసల సరంజామా దాదాపు 30 తీసుకుంటాయి. మొత్తం 453, అంటే 18 అంగుళాలకు కాస్త తక్కువ. గార్నెట్‌లు 48, ముత్యాలు 15, స్పేసర్లు 30. ముత్యాలు బేసి సంఖ్యలో ఉండాలన్నది మరవకండి. ఎనిమిదో ముత్యం సరిగ్గా గొంతు కింద నడిమికి వస్తుంది. 14 వేస్తే నడిమికి గార్నెట్ వచ్చి, ఒంటి మీద దండ పక్కకు జారినట్టే అనిపిస్తుంది.

బ్రాస్‌లెట్‌కు ముందు మణికట్టు కొలవండి. కొలతకు ముప్పావు అంగుళం కలపాలి. మణికట్టు ఆరుంపావు అంగుళాలైతే బ్రాస్‌లెట్ 7 అంగుళాలు, అంటే 178 మి.మీ. పూస లావయ్యే కొద్దీ కలపాల్సింది పెరుగుతుంది, ఎందుకంటే లోపలి చుట్టు తగ్గిపోతుంది. 8 మి.మీ. పూసకైతే అంగుళం కలిపినా తప్పులేదు. ఇక్కడ ముత్యం స్థానంలో 5 మి.మీ. నక్షీ గుండు. వరస మాత్రం అదే, మూడు గార్నెట్‌లు, స్పేసర్, గుండు, స్పేసర్. ఐదు వరసలు, చివర మూడు గార్నెట్‌లు, మొత్తం 153. హుక్కుకు 25. సరిపోయింది. గార్నెట్‌లు 18, గుండ్లు 5, స్పేసర్లు 10.

కమ్మలకు ఒక్కో చెవికి మూడు గార్నెట్‌లు, ఒక ముత్యం, రెండు స్పేసర్లు.

ఇప్పుడు కూడండి. గార్నెట్‌లు 48, 18, 6 కలిపితే 72. మార్కెట్లో ఒక లైన్ దాదాపు పదిహేనున్నర అంగుళాలు ఉంటుంది, 6 మి.మీ. పూసలు అందులో 65కి మించవు. ఒక లైన్ తెచ్చుకున్నవాళ్లకు ఏడు పూసలు తక్కువ పడేది ఇందుకే. తక్కువ పడ్డాక ఆ ఏడింటి కోసం వెళ్తే అదే కట్ట దొరకదు. పైగా ప్రతి లైన్‌లో రంధ్రం పక్కకు పోయినవి, అంచు పగిలినవి పదోవంతు దాకా తీసెయ్యాల్సి వస్తుంది. కాబట్టి రెండు లైన్లు. మిగిలినవి వృథా పోవు, వాటి సంగతి చివర్లో చెబుతాను. ముత్యాలు 17 చాలు కానీ జత కుదర్చాలి కనుక ఒక చిన్న లైన్ తీసుకోండి. స్పేసర్లు 44, ఒక ఆరు ఎక్కువే ఉండనివ్వండి.

షాపువాడు చెప్పే సైజును నమ్మి లెక్క కట్టొద్దు. లైన్ మీద పది పూసలను స్కేలు పక్కన పెట్టి కొలవండి. 6 అని అమ్మేది చాలాసార్లు 5.7 ఉంటుంది. ఒక్క పూసకు 0.3 తేడా ఏమంత లెక్క అనిపిస్తుంది గానీ, 48 పూసలకు 14 మి.మీ., అంటే అర అంగుళం పైనే తగ్గిపోతుంది. కొంచెం పెద్దవైతే ఏం అని 8 మి.మీ.కు పోతే బరువు పెరుగుతుంది. ఒక్కో పూస రెండు రెట్ల కన్నా ఎక్కువ తూగుతుంది. అసలే స్ఫటికం, అమెథిస్ట్‌ల కంటే గార్నెట్ బరువైన రాయి. చెవికి అది వద్దు.

నల్గొండ, మహబూబ్‌నగర్ ఫ్యాన్సీ షాపుల్లో గుచ్చే గేర్ వైర్, దాని కొసను నొక్కి పట్టే గేర్ లాక్, హుక్కులు, వాటిని కలిపే జంప్ రింగులు దొరుకుతాయి. రాళ్ల లైన్లకు మాత్రం హైదరాబాద్ పోవాల్సిందే. ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగి నయాపూల్ దాటితే పత్తర్‌గట్టి, అక్కడి నుంచి చార్మినార్ దాకా ముత్యాల దుకాణాలే. పొద్దున పోవడం మంచిది. రద్దీ తక్కువని చెప్పడం లేదు, వెలుతురు కోసం చెబుతున్నాను. షాపు లోపల పసుపు వెలుతురు బల్బుల కింద నిప్పుకణికలా ఉన్న గార్నెట్ బయటికి తెస్తే నల్లగా తేలడం మామూలే. నాలుగైదు లైన్లు గుమ్మం దాకా తెచ్చి, తెల్ల కాగితం మీద పక్కపక్కన పరిచి చూడండి. “అక్కా, ఒరిజినలే, గ్యారంటీ” అనే మాట ఎంత విన్నా, గుమ్మం దాకా తేనివ్వని షాపులో కొననవసరం లేదు.

గార్నెట్‌కు ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. అందులో ఇనుము ఉంటుంది. చిన్న థర్మోకోల్ ముక్కను గిన్నెలో నీళ్ల మీద తేలనిచ్చి, దాని మీద ఒక పూస పెట్టండి. పాత హార్డ్‌డిస్క్‌లోనో ఇయర్‌ఫోన్ డబ్బాలోనో ఉండే బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని పూసకు తగలకుండా దగ్గరికి తెస్తే, థర్మోకోల్ పడవ మెల్లగా అటు కదులుతుంది. ఎర్ర గాజు కదలదు. ఫ్రిజ్ తలుపు మీద అంటించే మామూలు అయస్కాంతానికి ఈ బలం చాలదు.

రంగు పట్టించిన రాళ్లకు వేరే పరీక్ష. “కెంపు లైన్” అని చవగ్గా ఇచ్చేది చాలావరకు రంగు పట్టించిన స్ఫటిక జాతి రాయే. ఫిరోజా (టర్కాయిస్) అని ఇచ్చేది తరచుగా రంగు వేసిన హౌలైట్ అనే తెల్లరాయి. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌లో దూది తడిపి, చివరి పూసను రంధ్రం దగ్గర రుద్దితే దూదికి రంగు అంటుతుంది. రంగు పూస కొనడం పాపమేమీ కాదు, ఆ ధరకే కొంటే చాలు. కానీ మే నెల నల్గొండ చెమటకు ఆ రంగు జాకెట్టు మెడకు ఎక్కుతుందని తెలిసి కొనాలి. ఈ దూదిని ముత్యాలకు మాత్రం తగలనివ్వకండి. ముత్యాలను రెండింటిని మెల్లగా ఒకదానితో ఒకటి రాస్తే చాలు. అసలు ముత్యం సన్నని ఇసుక ఉన్నట్టు గరుకుగా తగులుతుంది, ప్లాస్టిక్‌దో గాజుదో అయితే జారిపోతుంది. చార్మినార్ దగ్గర అమ్మేవాటిలో ఎక్కువ భాగం చైనాలో పెంచిన మంచినీటి ముత్యాలే. వాటిలో లోపమేమీ లేదు.

ఇంటికి తెచ్చాక గుచ్చడానికి తొందరపడకుండా ఏరండి. మందపాటి తువ్వాలు పరిచి, దాని మడతల్లో పూసలు వరసగా పెడితే దొర్లవు. ముందు కమ్మలకు ఏరాలి, దండకు కాదు. దండలో 48 గార్నెట్‌ల మధ్య ఒకటి కాస్త నల్లగా ఉన్నా కన్ను పట్టదు. చెవులు మాత్రం ముఖానికి రెండు పక్కలా ఉంటాయి, ఎదుటివాళ్లు తెలియకుండానే పోల్చేస్తారు. కాబట్టి అచ్చంగా జత కుదిరిన రెండు ముత్యాలు, ఆరు గార్నెట్‌లు చెవికి పోవాలి. తర్వాత అన్నిటికన్నా మంచి ముత్యం దండ నడిమికి, ఆ తర్వాత దాని రెండు పక్కలవి. ఐదేసి పూసలను సూదికి ఎక్కించి తిప్పితే రంధ్రం వంకరగా పడ్డవి ఊగుతూ దొరికిపోతాయి. అలాంటివాటికి హుక్కుకు రెండు పక్కలా, జడ కింద చోటుంది. అక్కడ పది పన్నెండు పూసలు ఎవరి కంటా పడవు.

తీగ విషయంలో నాకు రాజీ లేదు. గార్నెట్ రంధ్రాల అంచులు పదునుగా ఉంటాయి, నైలాన్ దారాన్ని అవి రోజూ కొంచెం కొంచెం కోస్తాయి. తెగేది పెళ్లిలోనే. నైలాన్ పూత ఉన్న స్టీలు తీగ, అంటే గేర్ వైర్, 0.38 మి.మీ.ది తీసుకోండి. 7 పోగులది బిరుసుగా ఉంటుంది, 49 పోగులది దారంలా వాలుతుంది. ధర ఎక్కువైనా దండకు 49 పోగులదే వాడాలి. దండకు రెండు అడుగులు, బ్రాస్‌లెట్‌కు ఒక అడుగు కోయండి. దండ రెండు కొసలా గార్నెట్‌లే ఉండేలా వరస కట్టడానికి కారణం ఇక్కడ తెలుస్తుంది. తీగ కొసను వెనక్కి మడిచి పూసల్లోంచి మళ్లీ పంపాలి. రెండు తీగలు కలిసి 0.76 మి.మీ. గార్నెట్ రంధ్రం 0.8 నుంచి 1 దాకా ఉంటుంది కాబట్టి పడుతుంది. ముత్యం రంధ్రం 0.6, 0.7 ఉంటే రెండోసారి పట్టదు. బలవంతం చేస్తే ముత్యం పొర రంధ్రం దగ్గర లేచిపోతుంది. రంధ్రం పెద్దది చెయ్యక తప్పకపోతే వజ్రపు పొడి పూసిన రీమర్ అనే సూదిలాంటి ఆకురాయితో, పూసను నీళ్లలో ముంచి ఉంచే తిప్పాలి. పొడిగా రుద్దితే వేడికి పగులుతుంది, ఆ ధూళి ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

కొస కట్టడమే అన్నిటికన్నా నిదానంగా చెయ్యాల్సిన పని. చివరి గార్నెట్ తర్వాత 2 మి.మీ. గొట్టం లాంటి గేర్ లాక్ ఎక్కించాలి. తర్వాత తీగ అరిగిపోకుండా కాపాడే యు ఆకారపు వైర్ గార్డ్, అందులో హుక్కు రింగు. తీగను వెనక్కి తిప్పి లాక్‌లోంచి, మూడు గార్నెట్‌లలోంచి తియ్యండి. లాక్ లోపల రెండు తీగలూ ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన ఉండాలి. లాక్‌ను నొక్కే క్రింపింగ్ ప్లయర్‌లో రెండు గాడులు ఉంటాయి. పిడికి దగ్గరి గాడిలో పెట్టి నొక్కితే లాక్ నడిమిన నొక్కు పడి, తీగలు చెరో గదిలోకి పోతాయి. ప్లయర్‌లో లాక్‌ను పావు చుట్టు తిప్పి, ముందు గాడిలో పెట్టి నొక్కితే అది మడుచుకుని చిన్న గుండు అవుతుంది. ఈ ప్లయర్ ఖర్చు దండగనుకుని నోస్ ప్లయర్‌తో చదును చేసేవాళ్లున్నారు. పట్టు ఉంటుంది నిజమే. ఆ చదును అంచు మాత్రం వెంట్రుకలను పట్టి లాగుతుంది, జరీ పోగులను లేపుతుంది. గద్వాల అంచు మీద అలాంటి పోగు ఒకటి లేస్తే లాక్ ఖర్చు ఏపాటిది?

రెండో కొస నొక్కే ముందు దండను నిలువుగా పట్టుకోండి. పూసలన్నీ కిందికి దిగాక పైన 1 నుంచి 2 మి.మీ. తీగ ఖాళీగా కనిపించాలి. ఏమీ లేదంటే బిగువు ఎక్కువైంది. అలాంటి దండ మెడ మీద గుండ్రంగా వాలక కోణాలు తేలుతుంది, పూసలు ఒకదాన్నొకటి నలిపి తీగ పూతను కొరికేస్తాయి. 4, 5 మి.మీ. ఖాళీ ఉంటే వేసుకున్నాక తీగ బయటపడుతుంది. బ్రాస్‌లెట్‌ను అయితే గుండ్రంగా వంచి పట్టుకునే సర్దాలి. చాపి పట్టుకుని సర్దినది చేతికి చుట్టగానే బిగుసుకుపోతుంది. నొక్కాక గట్టిగా లాగి చూసి, అప్పుడు మిగిలిన తోకను కోయండి. కట్టర్ మొన అసలు తీగకు తగిలిందంటే ఆ పోగులు కోసుకుపోయి, నెలకో రెండు నెలలకో అక్కడే తెగుతుంది. సరిగ్గా పడని లాక్‌ను మళ్లీ మళ్లీ నొక్కొద్దు. కోసి పారేసి కొత్తది వెయ్యండి. తీగకు ముందే అదనంగా ఆరు అంగుళాలు ఇచ్చింది ఇందుకే.

బ్రాస్‌లెట్‌కు ఎలాస్టిక్ వాడమనే సలహా వీడియోల్లో తెగ వినిపిస్తుంది. హుక్కు అక్కర్లేదు, కొలత బాధ లేదు, నిజమే. మన ఎండలకు ఎలాస్టిక్ సాగి సాగి వదులైపోతుంది, పదునైన గార్నెట్ అంచులు దాన్ని కోస్తాయి. పిల్లలకు చేసే ప్లాస్టిక్ పూసల గాజులకు అది చాలు. రాళ్లకు వద్దు.

కమ్మల పని చిన్నదే. 2 అంగుళాల హెడ్ పిన్, అంటే పూస జారకుండా కింద తల ఉన్న తీగ, గార్నెట్‌కు 22 గేజ్. ముత్యం రంధ్రంలో అది పట్టకపోతే రెండు చెవులకూ అంతకన్నా సన్నని 24 గేజ్ వాడాలి, ఒక్కో చెవికి ఒక్కో గేజ్ వద్దు. పూసలు 27 మి.మీ. తీసుకుంటాయి, మిగిలిన 23 కొక్కానికి, చుట్టుకు సరిపోతాయి. పూస మీద 2 మి.మీ. వదిలి తీగను లంబంగా వంచి, గుండ్రటి మూతి ప్లయర్‌కు చుట్టి, కిందికి రెండున్నర చుట్లు. ప్లయర్ మీద మార్కర్‌తో ఒక గీత గీసుకుంటే రెండు కొక్కాలూ ఒకే సైజుకు వస్తాయి. ఒక కమ్మ పూర్తిచేసి రెండోది మొదలుపెట్టొద్దు. ఇది వంచితే అదీ వంచండి, ఇది చుట్టితే అదీ చుట్టండి. చెవికి పోయే తీగ 925 వెండిదో సర్జికల్ స్టీలుదో ఉండాలి. బంగారు పూత కింద నికెల్ ఉంటే కొందరికి చెవి పుండవుతుంది. ఇక్కడ పొదుపు చేసి రాళ్ల మీద పెట్టే అలవాటు నాకు అర్థం కాదు.

స్పేసర్లు, నక్షీ గుండ్లు, హుక్కు మూడూ ఒకే వన్నెవి కావాలి. ఒకటి యాంటిక్, ఇంకొకటి మెరిసే పసుపు అయితే పూసలు ఎంత కుదిరినా సెట్ కుదరదు. పళ్లున్న స్పేసర్లు ముత్యం పక్కన పెట్టొద్దు, నున్నటి రింగులే వెయ్యాలి. ముత్యం గట్టిదనం మోస్ కొలతలో 2.5 నుంచి 4.5, గార్నెట్ 6.5 నుంచి 7.5. స్పేసర్ అందానికే కాక ఆ రెంటినీ ఎడంగా ఉంచడానికి కూడా. దుమ్ములో ఉండే ఇసుకరేణువే 7 కాబట్టి ముత్యాలను పొడిగుడ్డతో గట్టిగా రుద్దడం కూడా గీతలు పెట్టడమే. తడిగుడ్డతో మెల్లగా తుడిచి, నీడన ఆరనిచ్చి, సెంటు కొట్టుకున్న తర్వాతే వేసుకోవాలి. పగడం వాడితే నిమ్మరసం, చింతపండు చేతులు దూరం. ఫిరోజా వాడితే కొబ్బరినూనె, పసుపు దూరం, అది పీల్చుకుని ఆకుపచ్చకు తిరుగుతుంది. గార్నెట్‌కు ఇవేవీ పట్టవు.

మిగిలిన దాదాపు యాభై గార్నెట్‌లు, ముత్యాలు, స్పేసర్లు ఒక జిప్ కవర్‌లో వెయ్యండి. దాంట్లోనే రెండు అడుగుల తీగ, నాలుగు గేర్ లాక్‌లు, వరస రాసిన చీటీ పెట్టండి: మూడు, స్పేసర్, ముత్యం, స్పేసర్, 15 సార్లు, చివర మూడు. తీగ ఎక్కడైనా మెలికపడి నిలిచినా, నైలాన్ పూత లేచి స్టీలు కనిపించినా తెగేదాకా ఆగకుండా విప్పి మళ్లీ గుచ్చాలి. మెలికపడిన తీగను వేలితో సరిచేసినా లోపలి పోగులు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. అన్నిటికన్నా ముందు ఈ కవర్ అడిగేది బ్రాస్‌లెట్టే, అదీ హుక్కు పక్కన మొదటి మూడు పూసల దగ్గర.